మొదటి అట్టుపై విచారణ

ఆ ప్రశ్న అడిగేటప్పుడు మంగతాయారు మనసులో ఎవరి మీదా కోపం లేదు. ఈ ముక్క ఆవిడ తర్వాత మూడు ప్రతుల్లో రాసి, సంతకం పెట్టి కూడా ఇచ్చింది.

లంకలపేట బస్టాండు వెనక ఆవిడది అట్ల హోటలు. పెసరట్టు, మినపట్టు, రవ్వట్టు తప్ప అక్కడ ఇంకోటి దొరకదు. ఎవరైనా ఇడ్లీ అడిగితే ఎగాదిగా చూసి, నువ్వెక్కాల్సిన బస్సు అటుపక్క ఆగుతుందని చెప్పి పంపేస్తుంది. ఉన్నది ఒకే పెనం. అత్తగారి ఆస్తిలో కోర్టుకెక్కకుండా ఆవిడ చేతికొచ్చింది అదొక్కటే. దాని మీదే పెద్దపిల్లకి పెళ్ళి చేసింది, చిన్నపిల్లని నర్సింగు చదివిస్తోంది. ఆ పెనం వేడెక్కకపోతే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగదు.

మధ్యాహ్నం హోటలు కట్టేశాక ఆవిడ ఫోను తీస్తుంది. ఫొటో స్టూడియో దొరబాబు పెట్టిన ‘మాటామంతీ’ అనే గ్రూపులో ఊరు ఊరంతా ఉంది. ఎవరికి తోచింది వాళ్ళు అడుగుతారు. చెప్పుల జతలో ముందు ఎడమదే ఎందుకు తెగుతుంది? కరెంటు పోగానే అందరూ పక్కింటి వైపే ఎందుకు చూస్తారు? పెళ్ళి ఫొటోలో మేనమామ కళ్ళు మూసుకునే ఎందుకుంటాడు? ఒకళ్ళు అడగడం, నలభై మంది చెప్పడం, చెప్పినదాంట్లో ఏదీ తేలకపోవడం. తేలదు కాబట్టే మర్నాడు మళ్ళీ అందరూ వచ్చేవాళ్ళు. మంగతాయారుకి అదే సినిమా, అదే పేరంటం.

ఒక మంగళవారం ఆవిడ కూడా అడిగింది: “ఎంత పాత పెనమైనా రోజూ మొదటి అట్టు ఎందుకు చిరుగుద్దండీ?”

రాత్రి పడుకునే వేళకి అరవై మూడు అభిప్రాయాలు వచ్చాయి. ఉల్లిపాయ చెక్క రుద్దకపోవడం వల్ల అన్నారు, రుద్దడం వల్లే అన్నారు. దిష్టి అన్నారు, గ్యాసు బండ అన్నారు. ఐసు ఫ్యాక్టరీ వెంకటాచలం వాతావరణంలో తేమ మీద రెండు పేజీలు రాశాడు. ఒకాయన హోటలు తలుపు ఏ దిక్కుకి ఉందని అడిగాడు. ఆ అరవై ముగ్గురిలో జన్మలో ఒక్కసారైనా పెనం ముందు నిలబడ్డవాళ్ళు ఐదుగురుంటే ఎక్కువ. ఆవిడ అన్నీ చదువుకుని నవ్వుకుంది. ఒక్కదాని దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. పేరూ ఫొటో లేని ఎవరో, తమ ఇంటి అట్ల గొప్ప చెప్పి, లోపం పెనంలో లేదు, చేతిలో ఉంది అని రాశారు. ఇరవై ఏళ్ళుగా అట్లు తిప్పుతున్న చెయ్యి అది. ఆ మాట ఆవిడకి గట్టిగానే తగిలింది.

సరిగ్గా ఆ వారమే పురపాలక కమిషనర్ భుజంగరావు గారు ‘పౌర భాగస్వామ్యం’ మీద మూడు రోజుల శిక్షణ పూర్తి చేసుకుని ఊళ్ళో దిగారు. దిగగానే దొరబాబుని పిలిపించారు.

“ఇంతటి పౌర విజ్ఞానం ఏ పర్యవేక్షణా లేకుండా ఫోన్లలో పడి ఉన్నట్టు ఈ కార్యాలయం దృష్టికి వచ్చింది” అన్నారు.

“పడి లేదండి, కబుర్లండి అవి” అన్నాడు దొరబాబు.

“కబుర్లంటే ఏమిటయ్యా? పౌరుడు ప్రశ్న అడిగాడంటే దరఖాస్తు పెట్టుకున్నట్టు. ఇంకొకడు అభిప్రాయం చెప్పాడంటే వాంగ్మూలం ఇచ్చినట్టు. దరఖాస్తుకి జవాబివ్వని ప్రభుత్వం ఉంటుందా?”

ఉంటుందని దొరబాబుకి తెలుసు. ఇంటి ప్లాను దరఖాస్తు పెట్టి నాలుగేళ్ళయింది.

సాయంత్రానికల్లా గ్రూపు పురపాలక సంఘం పర్యవేక్షణలోకి వచ్చింది. సీనియర్ అసిస్టెంటు ముక్తేశ్వరం ప్రతి ప్రశ్నకీ ఒక ఫైలు తెరిచాడు, ప్రతి అభిప్రాయానికీ ఒక నంబరు వేశాడు, ఫోను నంబరు పట్టి చెప్పినవాళ్ళ డోరు నంబరు కూడా రాసుకున్నాడు. జనం భయపడతారేమో అనుకున్నాడు గానీ, జనం మురిసిపోయారు. అంతవరకూ తమ మాట ఇంట్లోవాళ్ళు కూడా వినని మనుషులు వాళ్ళు. ఇప్పుడు సర్కారే నంబరిచ్చి మరీ వింటోంది. టీకొట్టు దగ్గర ఒకరినొకరు నంబర్లు అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టారు.

“నాది పదకొండండి.”

“అబ్బో, ముందే పడ్డారే! నాది యాభై రెండు.”

మొదటి దెబ్బ చెప్పుల సంగతి అడిగిన తాతారావుకి తగిలింది. విచారణలో ఉన్న వస్తువును యథాతథంగా భద్రపరచాలన్నది కమిషనర్ గారు శిక్షణలో నేర్చుకున్న ముఖ్యసూత్రం. అందుకని తాతారావు ఎడమ చెప్పుని కాగితంలో చుట్టి, చీటీ కట్టి, ఆఫీసు బీరువాలో పెట్టారు. కుడిచెప్పు మీద వివాదం లేదు కాబట్టి దాన్ని ఆయనకే వదిలేశారు. వారం రోజులు తాతారావు ఒంటిచెప్పుతో ఊరంతా తిరిగాడు. మిగతావాళ్ళతోపాటు మంగతాయారు కూడా నవ్వింది.

ఆవిడ నవ్విన మర్నాడే పొద్దున ఐదున్నరకి ముక్తేశ్వరం రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆవిడ హోటలుకి వచ్చాడు.

“పెసరట్టా, మినపట్టా అండీ?” అని ఆవిడ పెనం మీద నీళ్ళు చిలకరించింది.

“ఆయ్, ఆగండాగండి, అట్టు వెయ్యకండి” అని ఆయన కంగారుగా కాగితం విప్పి చదివాడు.

“విషయము: అట్లు – మొదటి అట్టు – చిరుగుట – కారణములు – విచారణ – యథాతథ స్థితి – ఉత్తర్వులు – జారీ చేయబడినవి. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునదేమనగా, పౌరురాలు లేవనెత్తిన సందేహము విచారణలో ఉన్నందున, విచారణ ముగియు వరకు సదరు హోటలు నందు మొదటి అట్టు వేయరాదు. రెండవ అట్టు మొదలుకొని వేయుటకు ఈ కార్యాలయమునకు ఎట్టి అభ్యంతరమూ లేదు.”

మంగతాయారు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. “మొదటిది వెయ్యకుండా రెండోది ఎలా వేస్తారండీ?”

“అది మీ సాంకేతిక విషయమమ్మా. అందులో కార్యాలయం జోక్యం చేసుకోదు.”

“ఇది రెండోదనుకోండి” అని ఆవిడ గరిటెడు పిండి తీసింది.

“మరి మొదటిది ఎప్పుడు వేశారని రాసుకోమంటారు?” అని ముక్తేశ్వరం కలం తీశాడు. ఆవిడ పిండి మళ్ళీ గిన్నెలో పోసేసింది. మొదటిది ఇంట్లో వేసి, రెండోది హోటల్లో వేస్తానంది. ఇంటి పెనం వేరు, హోటలు పెనం వేరు, రెండింటినీ కలపాలంటే ఇంకో ఫైలు పెట్టాలన్నాడు. ఏడింటి బస్సు డ్రైవర్లు వచ్చి, ఖాళీ పెనం చూసి, ముక్తేశ్వరం వైపు కొరకొరా చూసి వెళ్ళిపోయారు. రుబ్బిన పిండి రుబ్బినట్టే పులిసిపోయింది. ఆ రోజు ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడవలేదు గానీ గిన్నెలు తోమే చప్పుడు పక్క వీధి దాకా వినిపించింది.

మూడో రోజున త్రిసభ్య సంఘం వచ్చింది. శానిటరీ ఇన్స్పెక్టరు అధ్యక్షుడు. టౌను ప్లానింగు నుంచి ఒకరు. మూడో సభ్యుడు పశువైద్యుడు. ఆ వారం ఊళ్ళో ఖాళీగా ఉన్న అధికారి ఆయనొక్కడే.

“మొదటి అట్టును ప్రత్యక్షంగా పరిశీలించవలసి ఉన్నది. వేయండి” అన్నాడు అధ్యక్షుడు.

“వెయ్యకూడదన్నారు కదండీ” అంది మంగతాయారు.

సంఘం ముక్తేశ్వరం వైపు చూసింది. ముక్తేశ్వరం ఉత్తర్వు తీసి చూపించాడు. పరిశీలన కోసం మినహాయింపు అడగవచ్చా అని చర్చ జరిగింది. అడగవచ్చు గానీ, మినహాయింపు ఇచ్చేముందు సంఘం నివేదిక కావాలి. నివేదిక కావాలంటే అట్టు చూడాలి. పశువైద్యుడు కాసేపు పెనాన్ని ఆప్యాయంగా తట్టి చూశాడు. చివరికి “స్థలమునందు అట్టు ఏదియు కనబడలేదు, కావున చిరిగినట్లు నిర్ధారించుట సాధ్యపడలేదు” అని రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయారు.

ఐదో రోజుకి మంగతాయారు ఓపిక అయిపోయింది. పురపాలక ఆఫీసుకి వెళ్ళి కమిషనర్ గారి ముందు నిలబడింది.

“నాకే సందేహమూ లేదండి బాబూ. అట్టు చిరిగితే చిరిగింది. నా ప్రశ్న నేను వెనక్కి తీసుకుంటానండి” అంది.

కమిషనర్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఫైలు కదులుతున్నంతసేపూ లోకం బాగుపడుతోందని మనసారా నమ్మిన మనిషి. “అమ్మా, సందేహం మీది. కాని దానిపై వచ్చిన అరవై మూడు వాంగ్మూలములు మీవి కావు. అవి ప్రజల ఆస్తి. ఆ అరవై ముగ్గురూ తమకు ఈ విషయమున ఎట్టి అభిప్రాయమూ లేదని రాసి సంతకం చేసినచో, ఫైలు మూసివేయుటకు ఈ కార్యాలయం సిద్ధము.”

ఇదెంతసేపు అనుకుంది మంగతాయారు. హోటలు తెరిస్తే ఎవరికి చేదు? కాగితాల కట్ట పట్టుకుని బయల్దేరింది.

మొదటి గుమ్మం వెంకటాచలానిది. ఆ మనిషి పదేళ్ళుగా రోజూ ఆవిడ దగ్గరే రెండు పెసరట్లు తింటాడు.

“సంతకమా! నాకు అభిప్రాయం లేదనా!” అని ఆయన కుర్చీలోంచి లేచాడు. “తాయారమ్మా, నీ అట్టు మానేస్తానమ్మా, ఒట్టు. అభిప్రాయం మాత్రం మానుకోలేను. తేమ సంగతి నేనొక్కణ్ణే చెప్పాను. చూసుకో కావాలంటే, మిగతావాళ్ళెవరైనా చెప్పారా?”

రెండో ఇంట్లో అనసూయమ్మ గారు, ముందు వెంకటాచలం సంతకం పెడితే ఆలోచిస్తానంది. మూడో ఆయన ఉల్లిపాయ పక్షం. దిష్టి పక్షంవాళ్ళు సంతకం చెయ్యనంతవరకూ చచ్చినా చెయ్యనన్నాడు. ఆ పూట ఆవిడ పది గుమ్మాలు ఎక్కి దిగింది. ఒక్క సంతకమూ రాలేదు. ఊరంతా ఆకలితోనైనా ఉంటుంది గానీ, నాకేం తెలియదండీ అన్న ఒక్క ముక్క రాయదు. కమిషనర్ గారి మీద ఉన్న కోపం ఆవిడకి ఊరి మీదకి తిరిగింది.

సాయంత్రం కాళ్ళు లాగుతుంటే మళ్ళీ వెంకటాచలం ఐసు ఫ్యాక్టరీ ముందు బల్ల మీద కూలబడింది. “ఏదీ, ఆ తేమ సంగతేంటో చెప్పండి బాబూ” అంది, ఇంకేం చెయ్యాలో తోచక.

ఆయన చెప్పాడు. గంటంబావు చెప్పాడు. అట్టుతో మొదలుపెట్టి ఐసులోకి, ఐసులోంచి తన తమ్ముడితో వచ్చిన గొడవలోకి, అక్కణ్ణించి మోకాళ్ళ నొప్పుల్లోకి వెళ్ళాడు. ఆవిడ ఊ కొడుతూ కూర్చుంది. అంతా అయ్యాక ఆయన మొహం తేటపడింది. “ఇంత ఓపిగ్గా ఎవరు వింటారమ్మా ఈ రోజుల్లో” అని, అడక్కుండానే కాగితం లాక్కుని సంతకం పెట్టేశాడు.

అప్పుడు అర్థమైంది మంగతాయారుకి. వీళ్ళకి అభిప్రాయం దాచుకోవాలని లేదు, ఎవరో ఒకరికి పూర్తిగా చెప్పుకోవాలని ఉంది. గ్రూపులో అందరూ చెప్పేవాళ్ళే తప్ప వినేవాళ్ళు లేరు. అక్కణ్ణించి ఐదు రోజులు కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగింది. దిష్టి విన్నది, ఉల్లిపాయ విన్నది, గ్యాసు బండ విన్నది, తలుపు దిక్కు విన్నది. వాటితోపాటు కోడళ్ళ సంగతులూ, షుగరూ, గట్టు తగాదాలూ విన్నది. చెవులు హోరెత్తిపోయాయి గానీ, అరవై రెండు సంతకాలు చేతికొచ్చాయి.

మిగిలింది ఒక్కటి. నంబరు పదిహేడు. పేరూ ఫొటో లేనిది. లోపం చేతిలో ఉంది అన్నది.

ముక్తేశ్వరం రిజిస్టరులో డోరు నంబరు వెతికి, ఒకసారి చూసి, చొక్కా చేతితో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. “అమ్మా... ఇది కమిషనర్ గారి క్వార్టరమ్మా” అన్నాడు మెల్లిగా. శిక్షణ నుంచి తిరిగొస్తూ, ఊరి నాడి తెలుసుకుందామని ఆయన రైల్లో కూర్చునే గ్రూపులో చేరారు. చేరాక చూస్తూ ఊరుకోవడం ఎవరి వల్ల అవుతుంది?

కమిషనర్ గారు మాత్రం తొణకలేదు. కమిషనరు హోదాలో, పదిహేడో నంబరు పౌరుడికి నోటీసు పంపించారు. అది ముక్తేశ్వరం ఆయన బల్ల కుడివైపు నుంచి తీసుకుని ఎడమవైపు అందజేశాడు. పౌరుడి హోదాలో ఆయన దాన్ని శ్రద్ధగా చదివి, జవాబు రాశారు. తన అభిప్రాయం స్వానుభవంపై ఆధారపడినదనీ, దానిని ఉపసంహరించుకొనుట సత్యమునకు విరుద్ధమనీ రాశారు. మళ్ళీ కమిషనరుగా ఆ జవాబు చూసి, ఇంత నిక్కచ్చిగా మాట్లాడే పౌరుడు ఊళ్ళో ఉన్నందుకు తృప్తిపడ్డారు. మర్నాడు పొద్దున ఏడింటికి హోటల్లోనే తుది విచారణ అని ఉత్తర్వు వేశారు. తేలకపోతే పై అధికారులకు నివేదిస్తారట. పైకి వెళ్ళిన ఫైలు కిందికి దిగిరావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మంగతాయారు ముక్తేశ్వరాన్ని అడిగింది. మీ చిన్నమ్మాయికి ఉద్యోగం వస్తుందేమోనండీ అప్పటికి అన్నాడాయన.

ఆ మధ్యాహ్నం ఆవిడ నేరుగా కమిషనర్ గారి క్వార్టరుకి వెళ్ళింది. ఆయన భార్య హైమవతి వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎవరమ్మా అంటే అట్ల హోటలామెనండీ అని చెప్పి, మంగతాయారు జరిగినదంతా ఏకరువు పెట్టింది.

“ఆయనేమని రాశారో ఏదీ, చదవండి” అంది హైమవతి.

మంగతాయారు ఫోను తీసి చదివింది. “మా శ్రీమతి వేయు అట్లలో మొదటిది కూడా చిరగగా నేనెన్నడూ చూడలేదు. కనుక లోపము పెనములో గాక చేతిలో నున్నది.”

హైమవతి ఇంకో మూడు నాలుగు గింజలు తీసింది. తర్వాత చెయ్యి కొంగుకి తుడుచుకుంది. “ఎన్నింటికన్నారు రేపు?”

“ఏడింటికండి.”

“వస్తాను.”

పదకొండో రోజు పొద్దున హోటలు ముందు నిలబడ్డానికి చోటు లేదు. బల్ల మీద మధ్యలో కమిషనర్ గారు, పక్కన త్రిసభ్య సంఘం కూర్చున్నారు; ముక్తేశ్వరం కలంతో సిద్ధంగా ఉన్నాడు. సంతకాలు పెట్టేసిన అరవై ఇద్దరూ, తమకి ఏ అభిప్రాయమూ లేదన్న సంగతి మర్చిపోయి, గట్టిగా వాదించుకుంటున్నారు. ఇంతలో ఆటో వచ్చి ఆగింది. హైమవతి దిగింది.

కమిషనర్ గారు లేచారు. “నువ్వెందుకొచ్చావిక్కడికి?”

“నా పేరు చెప్పి సాక్ష్యం రాశారట కదా. నేను రాకపోతే ఎలాగండీ?” అని ఆవిడ పెనం దగ్గరకి వెళ్ళి, మంగతాయారు పక్కన నిలబడింది. గొంతు పెంచలేదు. అయినా అందరికీ వినబడింది.

“మొదటి అట్టు నాకూ చిరుగుద్దండి. రోజూ చిరుగుద్ది. పెళ్ళై ఇరవై ఆరేళ్ళయింది. ఒక్కనాడు కూడా దాన్ని ఈయన కంచంలో వెయ్యలేదు. ముక్కల్ని పొయ్యి పక్కన పెట్టుకుని, రెండోది వేసి ఈయనకి పంపిస్తాను. ఈయన తిని ఆఫీసుకెళ్ళాక, ఆ చల్లారిపోయినవి నేను తింటాను. ఈయనెప్పుడూ చూడలేదని రాశారు. నిజమేనండి, చూడలేదు.”

జనంలో వాదన ఆగిపోయింది. వెంకటాచలం తల తిప్పి తన భార్య ఎక్కడుందా అని చూశాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా అలాగే చూసి, వెంటనే చూపు కిందికి దించుకున్నారు. అనసూయమ్మ గారు మాత్రం ఎవరి వైపూ చూడకుండా ముసిముసిగా నవ్వుకుంది.

“అయ్యగారూ, ఇది వాంగ్మూలంగా నమోదు చెయ్యమంటారాండి?” అని ముక్తేశ్వరం అడిగాడు.

భుజంగరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన మొహం చూసి మంగతాయారుకి జాలేసింది. పదకొండు రోజుల్లో మొదటిసారి ఆయన మీద కోపం రాలేదు.

“వద్దు” అన్నారాయన. పదిహేడో నంబరు కాగితం లాక్కుని సంతకం చేశారు. “అమ్మా, పొయ్యి వెలిగించండి.”

మంగతాయారు పొయ్యి వెలిగించింది. పెనం కాగాక ఉల్లిపాయ చెక్కతో నూనె రాసింది. దాంతో రుద్దకూడదని ముగ్గురూ, రుద్దాలని నలుగురూ అరిచారు. గరిటెడు పిండి పోసి గుండ్రంగా తిప్పింది, అంచుల వెంట నూనె వేసింది, అట్లకాడ పెట్టి లేపింది. నడిమికి చిరిగి మూడు ముక్కలైంది. ఊరంతా హమ్మయ్య అనుకున్నట్టు ఒక్కసారి ఊపిరి వదిలింది. అలవాటు ప్రకారం ఆవిడ ఆ ముక్కల్ని పక్కకి తీసి, తన గిన్నెలో వేసుకోబోయింది.

కమిషనర్ గారు కంచం చాపారు. “ఇలా వెయ్యండి.”

వేసింది. ఆయన చట్నీ కూడా అడక్కుండా, తలొంచుకుని, మూడు ముక్కలూ తిన్నారు. ఎలా ఉందో చెబుతారేమోనని అందరూ ముందుకి వంగారు. ఆయన నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసేశారు.

మంగతాయారు ఇంకో గరిటె పిండి తీసింది. ఈసారి అట్టు చుట్టూ ఎర్రగా కాలి, చెక్కుచెదరకుండా లేచొచ్చింది. దాన్ని అట్లకాడ మీద పట్టుకుని, అలవాటుగా కమిషనర్ గారి కంచం వైపు తిప్పింది.

“అది నాకు వెయ్యండి” అంది హైమవతి, ఆయన పక్కనే బల్ల మీద కూర్చుంటూ.